ఐదో చక్రం, సుగ్గి మూట

పోయిన అక్టోబరులో ఒక రాత్రి. ఎనిమిదిన్నరకు నాకు అమెరికా కాల్ ఉంటుంది. పత్తికొండలో మా ఇంట్లో నెట్ నమ్మకంగా వచ్చేది వంటింటి గడప దగ్గర మాత్రమే. అక్కడే చిన్న బల్ల వేసుకుని, పక్కన అమ్మ రొట్టెలు తడుతుంటే, నేను ఆఫీసు పని చేసుకుంటాను.

మా టీంలో యాభై దాటిన ఒకాయన ఉన్నాడు. డేటాబేసుల పని ఆయనది. కాల్‌లో ఆయన వెనకాల కిటికీ ఎప్పుడూ ఒకటే. కిటికీ బయటి ప్రపంచం మాత్రం రెండు మూడు వారాలకోసారి మారిపోతుంది. ఒకసారి దేవదారు చెట్లు, ఒకసారి ఎర్రమట్టి గుట్టలు, ఒకసారి ఏకంగా చెరువు. ఆ రాత్రి గడ్డి మైదానం కనపడుతోంది. అమ్మ చేతికి పిండి అంటుకుని ఉండగానే వంగి స్క్రీన్‌లోకి చూసింది.

"ఆయప్ప మళ్ళా ఇల్లు మారినాడా?"

"లేదమ్మా. ఇల్లు అదే. ఇల్లే తిరుగుతాంది."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అయితే సుగ్గికి పోయినాడా?" అంది.

నాకు నవ్వొచ్చింది. మైకు మ్యూట్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. కానీ ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఈ వారం ఆ సంగతే చెప్తాను.

సుగ్గి అంటే తెలియని పాఠకుల కోసం ఒక మాట. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే పండగ. సరిహద్దు దాటి మా ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ వైపు వచ్చేసరికి ఆ మాటకు అర్థం తిరగబడింది. ఇక్కడ సుగ్గి అంటే వలస. మన చేనులో పంట లేక, ఇంకొకరి చేనులో కోతకు పోవడం. పత్తి తీతకో, మిరప కోతకో గుంటూరు, పల్నాడు వైపు మూటా ముల్లే కట్టుకుని పోయి, ఉగాది ముందర తిరిగి రావడం. మా వైపు కొన్ని ఊళ్ళలో ఆ మూడు నెలలూ వీధికి ఇద్దరు ముసలివాళ్ళు, నాలుగు కుక్కలు మిగులుతాయి.

ఇక ఆ అమెరికా ఆయన ఇల్లు సంగతి. దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. మాటకు మాట చెప్తే ఐదో చక్రం. నాకు మొదట అర్థం కాలేదు. ఆయన ఫోటోలు పంపిస్తే చక్రాలు లెక్కపెట్టాను. ఐదోది ఎక్కడా లేదు.

అర్థమైంది మా పత్తికొండలోనే, ట్రాలీలు తయారుచేసే షెడ్డు దగ్గర. నాలుగు చక్రాల ట్రాక్టర్ ట్రాలీ మీరూ చూసుంటారు. దాని ముందు ఇరుసు పక్కకు తిరగాలి కదా. అందుకోసం ఇరుసుకీ, పైన తొట్టికీ మధ్య ఒక గుండ్రటి ఇనుప చట్రాన్ని పడుకోబెట్టి బిగిస్తారు. పాతకాలపు గుర్రపు కోచ్ బండ్లలోనూ ఇదే ఏర్పాటు. నాలుగు చక్రాలు నేల మీద నిలబడి తిరిగితే, ఈ ఐదోది అడ్డంగా పడుకుని తిరుగుతుంది. పేరు అలా వచ్చింది. తర్వాత లారీలకు పాకింది. హైవే మీద పొడుగాటి కంటైనర్ ట్రైలర్ పోతుంటే, ఇంజిన్ బండి వెనక జిడ్డు పూసిన ఒక ఇనుప పళ్ళెం ఉంటుంది చూడండి, అదే ఫిఫ్త్ వీల్. ట్రైలర్ కింద రెండంగుళాల లావు మేకు ఒకటి ఉంటుంది. దాన్ని కింగ్ పిన్ అంటారు. అది వచ్చి పళ్ళెం గాడిలో కూర్చుని లాక్ పడుతుంది.

విమానాలు తయారుచేసిన గ్లెన్ కర్టిస్ 1920ల్లో ఇదే పద్ధతిలో కారు వెనక తగిలించే ఇల్లు చేసి దానికి ఏరోకార్ అని పేరు పెట్టాడు. కుదుపు తెలియకుండా ఉండాలని కారు వెనక భాగంలో ఒక టైరునే పడుకోబెట్టి, దాని మధ్యలో ట్రైలర్ మూతిని కూర్చోబెట్టాడు. ఇప్పటి బండ్లలో ఆ టైరు లేదు. పికప్ ట్రక్కు తొట్టిలో ఇనుప పళ్ళెం బిగిస్తారు. ముప్పై నలభై అడుగుల పొడుగున్న ఇల్లు దాని మీద వాలుతుంది.

బంపరు వెనక కొక్కేనికి తగిలించకుండా ఇంత శ్రమ ఎందుకంటే, కారణం మా రైతులకు నాకంటే బాగా తెలుసు. రెండు చక్రాల ట్రాలీలో ముందు వైపు బరువు ఎక్కువ పెడితే ఏమవుతుంది? గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. బరువు వెనక ఇరుసుకు ఇంకా వెనకాల వేలాడుతుంది కాబట్టి. ఫిఫ్త్ వీల్‌లో ఆ బరువు సరిగ్గా వెనక ఇరుసు మీదో, దానికి కాస్త ముందో పడుతుంది. అందుకే ముందు లేవదు, గాలికి తోక ఊపదు, మలుపు కూడా బిగువుగా తిరుగుతుంది.

కానీ ఆ సుఖానికి ఒక ఖరీదు ఉంది. ఇంటి బరువులో అయిదో వంతు దాకా ట్రక్కు వీపు మీదకు వస్తుంది. అయిదున్నర వేల కిలోల ఇల్లయితే, దాదాపు 1,100 కిలోలు. చాలామంది కొత్తవాళ్ళు "నా ట్రక్కు ఇంత బరువు లాగుతుంది" అని లాగే లెక్క మాత్రం చూసుకుని కొంటారు. మోసే లెక్క వేరే ఉంటుంది. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన చీటీలో రాసి ఉంటుంది. మనుషులు, సామాను, పళ్ళెం, దాని మీద వాలిన ఇల్లు, అన్నీ కలిపి ఆ అంకెలోపల ఉండాలి. మా టీం ఆయన మొదటి ట్రక్కు అలాగే అమ్ముకున్నాడు. రెండోసారి కొనేముందు ఇల్లు తగిలించుకుని, లారీలు తూచే కాటా మీదకు పోయి తూయించుకున్నాడు. ధర్మకాటా మనకు కొత్త కాదు. పత్తి బండి తూయకుండా ఆదోని యార్డులోకి ఎవరు పోతారు?

ఇంకా ఆయన ఇంట్లో ఏమేం ఉన్నాయో అడిగి రాసుకున్నాను. అది నా ఇంజినీరు బుద్ధి.

నీళ్ళకు మూడు ట్యాంకులు. మంచినీళ్ళకు ఒకటి, గిన్నెలు కడిగిన నీళ్ళకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. మంచినీళ్ళ ట్యాంకు అరవై గ్యాలన్లు, అంటే సుమారు 227 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి, నిండా నింపితే ఇద్దరు ముగ్గురు మనుషుల్ని అదనంగా ఎక్కించుకున్నట్టే. అందుకని దారిలో అవసరమైనన్నే పోసుకుని, చేరినాక నింపుకుంటారు. మరుగుదొడ్డి ట్యాంకు కవాటాన్ని మాత్రం ఎప్పుడూ తెరిచి ఉంచకూడదట. నీళ్ళన్నీ ముందే జారిపోయి, పోవాల్సింది లోపల గడ్డకడుతుంది. నిండేదాకా మూసి ఉంచి, ఒక్కసారి వదలాలి.

కరెంటు రెండు రకాలు. ముప్పై ఆంపియర్ల బండికి 3,600 వాట్లు, యాభై ఆంపియర్ల బండికి 12,000 వాట్లు. రెండోదైతే రెండు ఏసీలు తిరుగుతాయి. పక్కల గోడలు బయటికి జరుగుతాయి, బండి ఆగినాక గది వెడల్పవుతుంది. ఇల్లు ట్రక్కు నుంచి ఊడిపోతే, ఒక సన్నటి తీగ లాగబడి ఇంటి బ్రేకులు వాటంతట అవే పడతాయి. ఈ చివరిది విన్నప్పుడు మాత్రం నాకు అసూయ వేసింది. పిన్ను ఊడిన చెరకు ట్రాలీ వాలులో వెనక్కి దొర్లడం మీరెప్పుడైనా చూస్తే మీకూ వేస్తుంది.

మనవాళ్ళకు బండి ఇల్లు అంటే ముందు గుర్తొచ్చేది ఎన్టీఆర్ చైతన్యరథం. 1982లో పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించుకుని, దాంట్లోనే పడుకుని, దాని పైకెక్కి మాట్లాడి, రోడ్డు పక్కనే స్నానం చేసి రాష్ట్రమంతా తిరిగాడు. అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందు ఇంకొకాయన మా వైపు అలాగే తిరిగాడు. ఆయన కథ పత్తికొండలోనే ముగిసింది. సర్ థామస్ మన్రో.

మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు. ఏడాదిలో ఎక్కువ రోజులు డేరాల్లోనే గడిపేవాడు. గ్రామం గ్రామం తిరిగి భూములు కొలిపించి శిస్తు కట్టించాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. దిగిపోయి దేశానికి పోయేముందు తనకిష్టమైన ఈ సీమను చివరిసారి చూడాలని బయల్దేరాడు. గవర్నరు గారి మజిలీ అంటే ఊరంత గుడారాలు, గుర్రాలు, వంటవాళ్ళు, సిపాయిలు. ఏ లోటూ లేదు. కానీ ఆ మజిలీలో కలరా సోకింది. 1827 జులై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. ఆయన పేరు మీద ఇక్కడ బావి తవ్వించారు, తోపు వేయించారు.

కలరా నీళ్ళలో వస్తుందని ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. మనకు తెలుసు. ఎంత పెద్ద దొర అయినా, ఎంత గొప్ప డేరా అయినా, మజిలీ వేసిన చోట మంచినీళ్ళు ఎలా ఉన్నాయన్నదే చివరికి లెక్క. ఈ మాట మీరు కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మా అమ్మ బండి సంగతి.

నేను మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా, అంటే 2013 వరకు, అమ్మా నాయనా ప్రతి ఏడూ సుగ్గికి పోయారు. నేను అవ్వ దగ్గర, కొన్నేళ్ళు బడిలోనే పెట్టిన సీజనల్ హాస్టల్లో ఉన్నాను. బెంచీలు పక్కకు జరిపి పడుకునేవాళ్ళం. ఈ రోజు ఈ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నానంటే ఆ బెంచీలు కారణం. వాళ్ళు ఏం తీసుకుపోయేవాళ్ళో నేనెప్పుడూ సరిగ్గా అడగలేదు. ఆయన ఇంటి జాబితా రాసుకున్నాక, అమ్మను కూడా కూర్చోబెట్టి అడిగాను.

"రాసుకో" అంది అమ్మ. "జొన్నపిండి ఒక సంచి. బియ్యం ఒక మూట. రొట్టె పెనం. రెండు బోకులు, ఒక సట్టి. కారం, ఉప్పు, చింతపండు. నీళ్ళ బిందెలు రెండు. పట్ట ఒకటి. దుప్పట్లు. కొడవలి. ముసలి కోడి ఒకటి, గుడ్లకు. మీ నాయన బీడీలు."

"అంతేనా?"

"ఇంకేముందిరా, నిన్ను ఈడ ఇడిసిపెట్టిపోతిమి గదా."

అమ్మ ఆ మాట మామూలుగానే అంది. నేనే కాసేపు ఏం రాసుకోలేకపోయాను.

ఊరి నుంచి లారీలో పోయేవాళ్ళు. కింద మూటలు, మూటల మీద మనుషులు. మూడు వందల కిలోమీటర్ల పైనే. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టప్రకారం నేరం. అది అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. చేను గట్టున పట్ట కట్టుకుంటే అదే ఇల్లు. నీళ్ళు కాలవలో ఉంటే కాలవవి, లేకపోతే మందు కొట్టే డ్రమ్ము పక్కన ఉండే తొట్టివి. ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఆగాలి, లేదంటే తెల్లారకముందే లేవాలి. మిరపకాయ కోసిన చేతులతో రాత్రి ముఖం కడుక్కోలేరు. చేతికి తొడుగులు వేసుకోవచ్చు కదా అన్నాను. "తొడుగేసుకుంటే కాయ చేతికి రాదు. కిలోల లెక్కన ఇస్తారప్పా కూలి" అంది.

అక్కడితో ఆగి ఉంటే ఇది అమెరికా సుఖం, మన కష్టం అన్న పాత పాటే అయ్యేది. కానీ తర్వాతి వారం మా టీం ఆయన ఇంకో సంగతి చెప్పాడు. ఆయన ఆగిన చోట పక్క స్థలంలో ఉండే దంపతులు అరవై దాటినవాళ్ళు. వాళ్ళ ఫిఫ్త్ వీల్ తగిలించుకుని మిన్నెసోటా, నార్త్ డకోటా సరిహద్దులో చక్కెర దుంపల కోతకు పోయారట. అక్కడ అక్టోబరు మొదట్లో దుంప తవ్వడం మొదలవుతుంది. రెండు వారాలు, పన్నెండు గంటల షిఫ్టు, రాత్రీ పగలూ. పని చేసేది చాలావరకు ఇలా బండి ఇళ్ళలో బతికేవాళ్ళే. ఇల్లు నిలుపుకోలేక బండ్లలోకి మారిన పెద్ద వయసువాళ్ళు వాళ్ళలో ఎందరో. జెస్సికా బ్రూడర్ అనే విలేకరి 2017లో "నోమాడ్‌లాండ్" పేరుతో పుస్తకం రాసింది వీళ్ళ గురించే. అదే పేరుతో వచ్చిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది.

అమ్మ దగ్గరికి పోయి చెప్పాను. "నువ్వన్నది నిజమే. వాళ్ళకూ సుగ్గి ఉంది."

అమ్మేమీ ఆశ్చర్యపోలేదు. ఒకే ఒక ప్రశ్న వేసింది. "నీళ్ళెవరిస్తారు?"

నేను మళ్ళీ ఆయన్ని అడిగాను. దుంప కంపెనీయే స్థలం అద్దె కడుతుంది. ప్రతి బండి ఆగే చోటా నేలలోంచి లేచిన నీళ్ళ కొళాయి ఒకటి, కరెంటు పెట్టె ఒకటి, మురుగు వదిలే గొట్టం ఒకటి ఉంటాయి. ఈ మూడింటికీ కలిపి హుకప్ అంటారు. బండి వచ్చి ఆగుతుంది, మూడు గొట్టాలూ తగిలించుకుంటారు, ఇల్లు ఇల్లవుతుంది.

అమ్మ చాలాసేపు ఊరుకుని అంది. "వాళ్ళు పోకముందే అన్నీ ఉంటాయి. మేం పోయినాక అడుక్కుంటాం. అంతే తేడా."

ఇన్నేళ్ళలో నేను విన్న డిజైన్ రివ్యూలన్నింటిలో ఇంత సూటి మాట లేదు.

అయినా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. ఈ జనవరిలో మా పెద్దమ్మ కూతురు, మా అక్క, బావ, ఇంకో ఎనిమిది కుటుంబాలు పల్నాడు మిరపకోతకు బయల్దేరుతున్నాయి. కారు కోసం దాచుకున్న డబ్బులో కొంత తీసి, వాళ్ళు పోయే ఐచర్ వ్యాన్‌ను సొంతంగా తయారుచేద్దామనుకున్నాను. ఎక్సెల్ షీటు వేశాను. పేరు కూడా పెట్టాను, "సుగ్గి వ్యాన్ వెర్షన్ 1". మడత మంచాలు, అయిదు వందల లీటర్ల ట్యాంకు, రెండు సోలార్ పలకలు, పెద్ద బ్యాటరీ, ఇన్వర్టరు, ఫ్యాను, కదిలే మరుగుదొడ్డి. మొత్తం పన్నెండు వస్తువులు.

అక్క, బావ, అమ్మ ముగ్గురూ ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చున్నారు. బావ మర్యాదకు తల ఊపాడు. అక్క మాత్రం అడిగేసింది.

"తమ్ముడూ, అన్నీ బాగుండాయి గానీ, బండి మమ్మల్ని దించి ఎనక్కి వస్తాది గదా. దాంట్లో మంచం ఎవరికి?"

నోట మాట రాలేదు. నాలుగు రాత్రులు కూర్చుని వేసిన షీటులో ఆ ఒక్క గడి లేదు. మూడు నెలలు ఐచర్‌ను అక్కడ నిలబెట్టి అద్దె కట్టేదెవరు? అమెరికా ఆయన ఇల్లు ఆయనతో ఉంటుంది. సుగ్గి బండి మనిషిని దించి పోతుంది. మనవాళ్ళకు కావలసింది బండిలో ఇల్లు కాదు. దిగిన చోట ఆ మూడు గొట్టాలు.

ముగ్గురూ కలిసి పన్నెండింట్లో ఎనిమిది కొట్టేశారు. మిగిలినవి నాలుగు. కింద కొళాయి బిగించిన మూత డ్రమ్ములు రెండు, మంచినీళ్ళకు మాత్రమే. సోలార్ లైట్లు నాలుగు. స్నానాల గది కోసం ఇనుప గొట్టాల చట్రం, చుట్టూ కట్టడానికి నీలం పట్ట. వ్యాన్ వెనక, పక్కల అంటించడానికి రాత్రి మెరిసే ఎర్ర పట్టీలు. ఆ చట్రం చేసింది మా ట్రాలీల షెడ్డు మేస్త్రీయే. ఊడదీసి కట్ట కట్టేలా చేసిచ్చాడు. ఖర్చంతా కలిపి నా మొదటి షీటులో బ్యాటరీ ఖరీదు కూడా కాలేదు.

ఇంకో మార్పు అమ్మ చేసింది. వ్యాన్‌లో మూటలు మాత్రమే పోవాలి, మనుషులు బస్సులో పోవాలి అని పట్టుబట్టింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ లేదు కదా. "ఆధార్ కార్డు మూటలో కట్టొద్దండి, రైకలో పెట్టుకోండి" అని అందరికీ చెప్పింది. మగవాళ్ళ టికెట్లు నేను పెట్టుకున్నాను. బస్సులు మారుకుంటూ పోవడం వల్ల సగం రోజు ఎక్కువ పట్టింది. మూటల మీద ఎవరూ కూర్చోలేదు.

అసలు పని ఫోన్లో జరిగింది. గుంపు మేస్త్రీ చేత కాకుండా, తను ఒకప్పుడు పనిచేసిన రైతుకు అమ్మే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. కూలి సంగతి ఎత్తలేదు.

"అన్నా, మా పిల్లోళ్ళు వస్తాండారు. మూడు మాటలు అడుగుతా. బోరు నీళ్ళు తాగేదానికి ఇస్తారా? మోటారు షెడ్డు కాడ ఒక బల్బు ఏస్తారా? ఆడోళ్ళకు బాత్రూం?"

అటు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన అన్నాడు. "నీళ్ళకేం తల్లీ, పట్టుకోండి. బల్బు కూడా వేయిస్తాను. బాత్రూం అంటే... నేనే కౌలుకు చేస్తున్నానమ్మా. పొలం నాది కాదు. నిరుడు మిర్చి రేటు పడిపోయి అప్పు తీరలేదు. ఎక్కడ కట్టేది చెప్పు?"

ఆయన అబద్ధం చెప్పలేదు. నేను ఇంతకాలం మనసులో ఒక దుర్మార్గుడైన రైతును ఊహించుకుని ఉన్నాను. ఫోన్లో వినపడింది మా నాయన లాంటి గొంతే. దుంప కంపెనీకి ఉన్న శక్తి కౌలు రైతుకు లేదు. 1979లో వచ్చిన వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటి పోయేవాళ్ళ కోసమే ఉండేది. పత్తికొండ నుంచి పల్నాడు పోయేవాళ్ళు రాష్ట్రంలోనే ఉంటారు కాబట్టి ఆ లెక్కలోకి వచ్చేవాళ్ళు కాదు. అయినా ప్రతి ఏడూ అదే నెలలో, అవే ఊళ్ళకు, అవే గుంపులు వస్తాయని అక్కడి పంచాయతీలకు తెలుసు. ఊరికి ఒక చోట కొళాయి, ఒక దీపస్తంభం, నాలుగు మరుగుదొడ్లు మిరప కాయ పండకముందే పెట్టడం పెద్ద ఇంజినీరింగ్ కాదు. నేను చదివిన నాలుగేళ్ళ బీటెక్ అక్కర్లేదు. గుంటూరు, పల్నాడు వైపు నుంచి ఈ కాలం చదివేవాళ్ళు మీ పంచాయతీలో ఈ మాట ఒక్కసారి అడగండి.

చివరి సంగతి. అక్క కూతురు ఏడో తరగతి. వంట చేయడానికి, తమ్ముణ్ణి చూసుకోవడానికి దాన్ని కూడా తీసుకుపోదామనుకున్నారు. బయల్దేరే ముందు రోజు పిల్ల పుస్తకాల సంచి మూటల్లో కనపడింది. అమ్మ ఆ సంచి బయటికి తీసి మా గోడ మేకుకు తగిలించింది. "ఇద్దరూ నా కాడుంటారు. నువ్వు పోయిరా" అంది అక్కతో. అక్క ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. తనకు ఆ రోజుల్లో ఆ మాట చెప్పేవాళ్ళుగా ఒక్క మా అవ్వే ఉండేది.

ఇప్పుడు రాత్రి కాల్ టైముకు గడప దగ్గర నా బల్ల పక్కనే ఆ పిల్ల లెక్కలు చేసుకుంటుంది. మొన్న మా టీం ఆయన తన ఇంటిని కెమెరా తిప్పి చూపించాడు. బయటికి జరిగే గోడ, చిన్న పొయ్యి, మంచం. పిల్ల అన్నీ చూసి నా చెవిలో అడిగింది. "మామా, ఆ ఇంట్లో పిల్లోళ్ళు ఏ బడికి పోతారు?" ఆయనకు పిల్లలు లేరని చెప్పాను. బండి ఇళ్ళలో తిరిగే కుటుంబాలు చాలావరకు తామే చదువు చెప్పుకుంటాయని చెప్పాను. "అయితే ఉగాదికి అమ్మొచ్చేదాకా నేను ఈడనే" అని మళ్ళీ లెక్కలో పడింది.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. బోరు నీళ్ళు పట్టుకుంటున్నారట. డ్రమ్ములో నీళ్ళు వేరే దేనికీ ముట్టనివ్వడం లేదట. బల్బు వెలుగుతోందట. చట్రం నిలబెట్టి పట్ట కట్టుకుంటే పక్క గుంపువాళ్ళు కూడా వచ్చి వాడుకుంటున్నారట. మొదటి వారం గాలికి ఒకసారి పడిపోతే బావ రాళ్ళు పెట్టి నిలబెట్టాడట.

"మరి మరుగుదొడ్డి?" అన్నాను.

"అదింకా లేదు తమ్ముడూ" అంది. "చీకటి పడాల."